ఆగకూడని వీధి

డిపో పెద్దలకు, అన్నతో కలిసి డ్యూటీలు చేసిన డ్రైవర్లకు, కండక్టర్లకు, వర్క్‌షాపు వాళ్లకు, మా వీధి నుంచి వచ్చిన పిన్నులకు, బాబాయిలకు, అక్కలకు, ముందు బెంచీ మీద కూర్చున్న వదినకు నమస్కారం.

క్యాంటీన్ బెంచీలు కూడా తెచ్చి వేసినా చోటు చాలనంత మంది వచ్చారు. అన్న ఉంటే ఈపాటికి లేచి, "ముందుకు జరగండి, మధ్యలో ఖాళీ ఉంది, ముందుకు జరగండి" అని అందర్నీ సర్దేసేవాడు. ఆ పని చేసే మనిషి ఇవాళ బల్ల మీద ఫొటోలో ఉన్నాడు. బల్ల మీద పూలు ఉన్నాయి. పూల పక్కన ఆయన టోపీ ఉంది. బయట బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. వాటిని ఆపమని ఎవరూ అడగలేదు. ఆయన అయినా అడిగేవాడు కాదు.

మాట్లాడటం నా పని కాదు. కలప అడితీలో లెక్కలు రాస్తాను. బడిలో కూర్చుని నేర్చుకున్న చదువు కాదు నాది. దుకాణాల బోర్డులు, బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకని చెప్పాల్సింది కాగితం మీద రాసుకొచ్చాను. చూసి చదివితే ఏమీ అనుకోకండి.

పోయిన మనిషి గురించి మంచే మాట్లాడాలంటారు. నేను ఇవాళ మంచి ఒక్కటే మాట్లాడలేను. ఆ మాట వదినతో ముందే అన్నాను. "నీకేం అనిపిస్తే అదే చెప్పు మరిదీ. ఆయన గురించి అరువు మాటలు నాకొద్దు" అంది. ఆ ధైర్యంతోనే నిలబడ్డాను.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఈ కిటికీ కింద, బయటి బెంచీ మీద మా మేస్త్రీ బాబాయి కూర్చున్నాడు. గదిలోకి రానన్నాడు. "బలవంతం చేయకురా. నువ్వు చదివేది కిటికీలోంచి వినపడుతుంది, వింటాను. ఆఖర్న అందర్నీ లేచి నిలబడమంటారు చూడు, అది మాత్రం నావల్ల కాదు" అన్నాడు. ఆయన ఒక్కడే కాదు. ఈ గదిలో కూర్చున్న మా వీధి వాళ్లలో కూడా ఆ మాటే మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లున్నారు. నాకు తెలుసు. నిన్నటిదాకా నేనూ వాళ్లలో ఒకణ్ణే.

ఎందుకలా? ఎందుకో డిపో వాళ్లకు తెలియదు. మీకు తెలిసిన అన్న వేరు. అందుకని మీకు తెలిసిన అన్న దగ్గరే మొదలుపెడతాను.

కండక్టరుకు రెండే కేకలు. బస్సు ఆగాలంటే హోల్డాన్. కదలాలంటే రైట్‌రైట్. అన్న ఆ రెండో కేకను ఇంటికి కూడా మోసుకెళ్లాడు. పిల్లలు కంచం ముందు కునికితే రైట్‌రైట్. పెళ్లి భోజనంలో వడ్డించేవాళ్లు కబుర్లలో పడితే రైట్‌రైట్. చివరికి మా వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మాకు ఆయన రైట్‌రైట్ అన్న.

ఒకసారి నేను ఆయన బస్సులో ఉన్నాను. పెద్ద వాన. వంతెన మీదికి నీళ్లొచ్చి బస్సును చుట్టుదారి పట్టించారు. కాలు పెట్టే సందు లేదు. ఇంకో కండక్టరైతే ముందు నుంచి ఒక కేక వేసి ఊరుకునేవాడు, వినపడినవాడికి వినపడింది, లేనివాడి ఖర్మ. అన్న అలా చేయలేదు. వెనక తలుపు నుంచి ముందు తలుపు దాకా, జనంలో ఒరుసుకుంటూ, ఒక్కొక్కరి ముఖంలోకి చూసి చెప్పాడు. బస్సు ఫలానా దారిన పోదు, మీరు దిగాల్సిన చోటు రాదు, ఇక్కడ దిగితే మేలు. నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఒకాయన్ను కూడా భుజం తట్టి లేపాడు. ఆయన మండిపడ్డాడు. "నిద్రపోయేవాణ్ణి లేపి చెడ్డ కబురు చెప్పాలా? అక్కడికి పోయాక ఎలాగూ తెలిసేదిగా!" అన్నాడు.

అన్న ఏమన్నాడో తెలుసా? "పోయాక తెలిస్తే అది కబురు కాదు బాబూ, మోసం" అన్నాడు.

ఆ మాట నేను చెవులారా విన్నాను. అందరూ గుర్తు పెట్టుకోండి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు మా వీధి సంగతి. ఊరి చివర మిలిటరీ బేసు ఉంది కదా, దాని పక్కనే ఉండేది మా వీధి. అటూ ఇటూ ఇళ్లు, మధ్యలో ఒక కుళాయి. మేస్త్రీలు, దర్జీలు, ఇస్త్రీ చేసేవాళ్లు, బస్సు మనుషులు. బేసు వాళ్లు విమానాలు దిగే రన్‌వేని పొడిగించుకున్నప్పుడు మా వీధి కంచె లోపలికి పోయింది. ఖాళీ చేయమన్నారు. ఒక పెద్ద అధికారి వచ్చి కుళాయి దగ్గర నిలబడి మాట ఇచ్చాడు. ఇళ్ల మీద చేయి వేయం, తాళాలు వేసి ఉన్నవి ఉన్నట్టే కాపాడతాం, మా అవసరం తీరాక మీ ఇళ్లు మీవే అన్నాడు. సిపాయిలు ప్రతి తలుపు మీద తెల్లరంగుతో ఒక నెంబరు వేశారు. నెంబరు వేశారంటే మళ్లీ ఇస్తారనేగా అనుకున్నాం. లేకపోతే నెంబరెందుకు?

మమ్మల్ని ఊళ్లో తలో మూలకు సర్దారు. ఆ మాట ఇచ్చిన అధికారి బదిలీ అయిపోయాడు. ఆయన తర్వాత వచ్చినాయనా బదిలీ అయ్యాడు. మాట కూడా వాళ్ల సామాన్లతోపాటు ఏ ఊరికి పోయిందో తెలియదు. మేం మాత్రం దాన్ని పట్టుకునే ఉన్నాం. అప్పట్నుంచీ మాలో మేం బేసు అనడం మానేశాం. "లోపల" అంటాం. మా ఇల్లు ఎక్కడ? లోపల. అంతే.

బేసు వాళ్లు ఏడాదికోసారి గేటు తెరిచి మారథాన్ పెడతారని మీ అందరికీ తెలుసు. మీ బస్సుల వెనకే దాని కాగితాలు అంటిస్తారు. అన్న ఒక ఏడాది ఆ కాగితం మీద దారి బొమ్మ చూశాడు. సగం పరుగువాళ్లు జెండా స్తంభం దగ్గర వెనక్కి తిరుగుతారు. పూర్తి పరుగువాళ్లు జెండా స్తంభం దాటి, రన్‌వే పొడవునా పోయి, నీళ్ల ట్యాంకు దగ్గర మలుపు తిరిగి, ఒక పాత వీధి గుండా వెనక్కి వస్తారు. ఆ పాత వీధి మాదే.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, బ్యాగు భుజాన ఉండగానే ఇంటింటికీ తిరిగాడు. "పరుగెత్తేవాళ్లకి గేటు తీస్తారట. మనం పరుగెత్తుదాం" అన్నాడు. నవ్వామండి. మేస్త్రీ బాబాయి అయితే, "ఒరేయ్, నేను బస్సు కోసమే పరిగెత్తను, పోతే ఇంకోటి వస్తుందని. ఈ వయసులో నన్ను ఇంటి కోసం పరిగెత్తమంటావా?" అన్నాడు. ఇస్త్రీ పిన్ని, "నడవనిస్తారేమో కాస్త అడుగు నాయనా" అంది.

నడవనివ్వరు. పరుగు వెనకాలే ఒక ట్రక్కు వస్తుంది. దాని కంటే వెనకపడినవాణ్ణి, ఆగినవాణ్ణి ఎక్కించుకుని గేటు బయట దించేస్తుంది. ఊళ్లో రన్నర్లు దానికి ఏదో మంచి పేరే పెట్టుకున్నారు. మేం మాత్రం చెత్తబండి అనేవాళ్లం. "చెత్తబండి ఎక్కావా?" అంటే మాలో అంతకు మించిన తిట్టు లేదు.

మరుసటి వారం నుంచి బడి గ్రౌండులో, మొదటి బస్సు కదలక ముందే, అన్న మమ్మల్ని నిలబెట్టాడు. నిలబెట్టాడు అనకూడదు, పరుగెత్తించాడు. మొదటి రోజు గ్రౌండు చుట్టూ ఒక్క చుట్టు తిరగలేకపోయాం. పిన్ని తన కొడుకు బూట్లలో గుడ్డపేలికలు కుక్కుకుని, చీర బొడ్లో దోపుకుని వచ్చింది. బాబాయి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు, అరిగిపోతాయని. నేను గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. అన్న మధ్యలో నిలబడి చేయి ఊపుతూ ఒకటే కేక: రైట్‌రైట్. రైట్‌రైట్. ఆ గ్రౌండులో ఆయన ఆగమనే కేక ఎప్పుడూ వేయలేదు. ఒక్కసారి కూడా ఆయన నోట హోల్డాన్ వినలేదు మేం. "హోల్డాన్ అంటే మనకు చెత్తబండే" అనేవాడు.

మా వీధిని మేం చూడటానికి రెండేళ్లు పట్టింది.

ఆ పరుగు ఎలా ఉంటుందో పరుగెత్తనివాళ్లకు చెప్పడం కష్టం. దారికి రెండువైపులా సున్నం కొట్టిన రాళ్లు, ఒకే ఎత్తున. చెట్ల మొదళ్లకు రంగు. ఎక్కడా ఒక కాగితం ముక్క కనపడదు. బ్యాండు మేళం వాయిస్తుంటారు. జెండా స్తంభం దాటాక మేళం వినపడటం తగ్గుతుంది, ఆపైన ఎవరి ఊపిరి వాళ్లకే వినపడుతుంది. ఇక రన్‌వే. ఊళ్లో పరుగెత్తితే ఏదో ఒకటి దగ్గరవుతుంది, ఒక స్తంభమో, ఒక దుకాణమో. రన్‌వే మీద ఏదీ దగ్గరకు రాదు. ఎంత పరిగెత్తినా నీళ్ల ట్యాంకు అక్కడే, అంతే ఉంటుంది. బూటు అడుగు నుంచి వేడి మోకాలి దాకా ఎక్కుతుంది. పిల్ల సిపాయిలు బల్లలు వేసుకుని నీళ్లిచ్చేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. "కమాన్ అమ్మా, కమాన్ తాతా" అనేవాళ్లు. మంచి పిల్లలు. మేమెందుకు వచ్చామో వాళ్లకు తెలియదు. మా వీధిలో, మా కుళాయి పక్కనే బల్ల వేసి, మాకే నీళ్లు ఇచ్చేవాళ్లు. పుచ్చుకుని, థాంక్స్ చెప్పి వెళ్లేవాళ్లం.

మొదటిసారి నీళ్ల ట్యాంకు మలుపు తిరిగినప్పుడు మా వీధి ఉంది. ఉన్నది ఉన్నట్టే ఉంది. మా ఇంటి కిటికీకి ఎప్పుడూ ఒక రెక్కే ఉండేది, రెండోది గాలివానకు పోయింది. ఆ ఒక్క రెక్కా అలాగే వేలాడుతోంది. మేస్త్రీ బాబాయి తన ఇల్లు తనే కట్టుకున్నాడు. గోడకు ఒక పగులు ఉండేది. దాన్ని చూసి, పరిగెత్తుతూనే కేక పెట్టాడు: "పగులు పెరగలేదురా! పెరగదు. నా చేతి పని!" తర్వాత ప్రతి ఏడాదీ అదే కేక. ఊళ్లో ఎక్కడ కనపడినా, నమస్కారానికి ముందు అదే మాట.

అన్న ఇంకో పని చేసేవాడు. పరుగుకు ముందు చాతీకి పెట్టుకోవడానికి అందరికీ నెంబర్లు ఇస్తారు కదా, వాటిని ఇచ్చే మొదటి రోజునే వెళ్లి, అక్కడి గుమాస్తాను బతిమాలి, ఎవరి తలుపు నెంబరు వాళ్లకు తెచ్చేవాడు. గుమాస్తాకు ఇది ఏ పిచ్చో అర్థమయ్యేది కాదు. పరుగు రోజు పొద్దున గేటు ముందు ఇళ్ల వరసలోనే నిలబెట్టి, ఆయనే పిన్నీసులతో పెట్టేవాడు. తలుపు మీద ఏ నెంబరో, మా గుండె మీద అదే నెంబరు. ఇంటి ముందుకొచ్చేసరికి రెండు నెంబర్లూ ఒకదాన్నొకటి చూసుకునేవి.

ఆ తర్వాతి ఏడాది పిన్ని ఆగింది.

ఆగాలని ఆగలేదు. తన ఇంటి మెట్టు చూసింది, కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. వెళ్లి మెట్టు మీద కూర్చుంది. కొంగుతో మెట్టు తుడవడం మొదలుపెట్టింది. వెనక చెత్తబండి వచ్చేస్తోంది. ముందు పోతున్న అన్న వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. తన కాళ్లు ఆపకుండా ఉన్నచోటే గెంతుతూ, "పిన్నీ, ఇది స్టాపు కాదు పిన్నీ, ఎక్కు, ఎక్కు" అని బతిమాలాడు. ఆమె, "ఇదే నా స్టాపురా, దిగిపోయాను పో" అంది. సిపాయిలు మర్యాదగానే చేయి పట్టుకుని ట్రక్కు ఎక్కించారు. ఇంకోసారి మీలో ఎవరు ఆగినా, మొత్తం మీ వాళ్లందరి పేర్లూ కొట్టేస్తామని అన్నతో చెప్పి పంపారు.

అప్పుడు ఆయన మాకు చీమ నడక నేర్పాడు. పరుగు ఎంత నేర్పాడో, అదీ అంత ఓపికగా నేర్పాడు. చేతులు పరుగులో ఊగినట్టే ఊగాలి. కాలు లేవాలి, దిగాలి. కానీ లేచినచోటికి గోరంత ముందు మాత్రమే దిగాలి. దూరం నుంచి చూసే సిపాయికి పరుగే. మాకు మాత్రం ఇంటి ముందు నిలబడినట్టు. "చూడండి, ఆగకండి" అనేవాడు. "కళ్లు ఆపుకోండి, కాళ్లు ఆపకండి." ఊళ్లో కుర్ర రన్నర్లు మమ్మల్ని దాటిపోతూ, "ఏం తాతా, కాలు పట్టిందా?" అని నవ్వేవాళ్లు. బాబాయి, "కాలు కాదురా, ఇల్లు పట్టింది" అనేవాడు.

అలా ఏళ్లు గడిచాయి. ఊళ్లో తలో మూలా ఉన్నవాళ్లం, ఆ గ్రౌండు పుణ్యాన రోజూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవరికి జ్వరమొచ్చినా మర్నాటికి అందరికీ తెలిసేది. అదంతా అన్న పెట్టిన భిక్షే. నేను కాదనను. ఎవరూ కాదనరు.

ఇక ఈ ఏడాది.

ఈ ఏడాది పిన్ని మోకాళ్లు దెబ్బతిన్నాయి. డాక్టరు వద్దన్నాడు. ఆమె పట్టీలు కట్టుకుని ఏడాదంతా గ్రౌండుకు వచ్చింది. "ఇంకొక్కసారి నా మెట్టు చూసి మానేస్తాను నాయనా" అనేది. అన్న వింటూనే ఉన్నాడు. ప్రతిరోజూ విన్నాడు. విని, రైట్‌రైట్ అన్నాడు.

పరుగు రోజు పొద్దున గేటు ముందు ఎప్పటిలాగే వరసగా నిలబడ్డాం. ఎప్పటిలాగే తలుపు నెంబర్లు తెచ్చాడు. నా చాతీ మీద పిన్నీసు గుచ్చుతూ ఆయన నా ముఖంలోకి చూడలేదు. తొందరేమో అనుకున్నాను. పిన్నికి పెట్టేటప్పుడు ఆమె ఆయన తల నిమిరింది.

జెండా స్తంభం దాటాం. రన్‌వే దాటాం. నీళ్ల ట్యాంకు మలుపు తిరిగాం.

వీధి లేదు.

కొత్త వలకంచె ఉంది. కంచె అవతల చదును చేసిన నేల. నేల మీద టార్పాలిన్లు కప్పిన బండ్లు, వరసగా. కుళాయి కూడా లేదు. ఒక ఇటుక ముక్క లేదండి. అంత శుభ్రంగా తీసేశారు. పరుగు దారి కంచె పక్కగా వేశారు, కొత్త తారు, రెండువైపులా సున్నం కొట్టిన రాళ్లు.

మేమేం చేశామో తెలుసా? అలవాటు ఎంత చెడ్డదో చూడండి. చీమ నడక మొదలుపెట్టాం. ఎవరి ఇల్లు ఎక్కడో తెలియకుండానే, ఖాళీ నేల ముందు, చేతులు ఊపుకుంటూ, కాళ్లు ఎత్తి దించుకుంటూ. పిన్ని అడుగుతోంది, "ఏదిరా మనది? ఏదిరా? ఇదా? అదా?" మేస్త్రీ బాబాయి ట్యాంకు వైపు చూసి, కంచె వైపు చూసి, చేత్తో దూరం కొలుచుకుంటూ, "ఇక్కడే ఉండాలి, ఇక్కడే ఉండాలి" అంటున్నాడు. తర్వాత ఒక్కసారిగా అన్నాడు, "ఒక్క మిషనుకు పడి ఉండదురా నా గోడ. రెండు తెచ్చి ఉంటారు."

అందరం కంచె వైపే చూస్తున్నాం. ఒక్క మనిషి చూడటం లేదు.

అన్న ముందు పోతున్నాడు. మెడ తిప్పలేదు. ప్రతి ఏడాదీ ఆ మలుపు దగ్గర మాకంటే ముందు ఆయనే కేక పెట్టేవాడు, వచ్చేసింది, వచ్చేసింది అని. ఈసారి రోడ్డు వైపే చూస్తూ, రైట్‌రైట్, రైట్‌రైట్ అని అరుస్తూ పోయాడు. ఆయన వెనకే నేను పరిగెత్తాను. ఆ వీపు చూస్తూ పరిగెత్తాను. ఇల్లు పోయిందని అప్పుడే తెలిసిన మనిషి వీపు అలా ఉండదు. ఆయనకు ముందే తెలుసు.

ఆ మాట ఆయన్ను అడగాలనే అనుకున్నాను. గ్రౌండుకు వెళ్లడం మానేశాం మేమంతా. ఎందుకు వెళ్లాలి? ఆయన ఒక్కడే వెళ్లి వచ్చేవాడట. ఒక రోజు పొద్దున ఇంట్లో కుర్చీ మీద కూర్చుని, బూట్ల తాళ్లు కట్టుకుంటూ, అలాగే ఒరిగిపోయాడు. ఒక బూటు కట్టి ఉంది, ఒకటి విప్పి ఉంది. నేను వెళ్లేసరికి వదిన ఆ రెండో బూటు తాడు కడుతోంది.

ఆవిడే చెప్పింది నాకు. ఇవాళ అందరికీ చెప్పమనీ ఆవిడే అంది.

పోయినేడాది పరుగయ్యాక కొన్నాళ్లకు, రాబోయే పరుగు సంగతులు మాట్లాడటానికి అన్నను లోపలికి పిలిచారు. కొత్త దారి బొమ్మ చూపించారు. వానలు తగ్గాక ఇళ్లు తీసేస్తున్నామన్నారు. అప్పటికి మా వీధి ఇంకా నిలబడే ఉంది. వినండి, అప్పటికి నిలబడే ఉంది. అన్న వాళ్లను ఒక్కటే అడిగాడట: మావాళ్లను ఒక్క పూట లోపలికి రానివ్వండి, ఎవరి ఇంటి ముందు వాళ్లు కాసేపు నిలబడి వచ్చేస్తారు. కుదరదన్నారు. రూలు లేదన్నారు. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా మెట్ల మీద కూర్చున్నాడట.

మనవాళ్లకు చెప్పండి అంది వదిన. "చెబితే అందరూ గేటు మీదికి పోతారు. పేర్లు కొట్టేస్తారు. వీధీ పోయి, పరుగూ పోతే, రేపు పొద్దున గ్రౌండుకు ఎవరొస్తారే? మళ్లీ తలో మూలా అయిపోరూ?" అన్నాడట. రేపు చెబుతా, రేపు చెబుతా అంటూ వానలు గడిపేశాడు. మిషన్లు వచ్చాయి. ఆ తర్వాత చెప్పడానికి ఏముంది?

ఆయన లోపలివాళ్ల దగ్గర ఏదో పుచ్చుకున్నాడని ఊళ్లో అంటున్నారు. అది అబద్ధం. ఆయన గడప లోపలికి వెళ్లి చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. మా నోట ఆ మాట ఇక వినపడకూడదు.

కానీ పుచ్చుకోకుండా కూడా మోసం చేయొచ్చు.

లోపలివాళ్లు మాట తప్పారు. వాళ్ల మీద నాకు కోపం ఉంది. అది ఆరే కోపం కాదు. కానీ వాళ్లు మాకు ఏమవుతారు? ఆ మాట ఇచ్చిన మనిషి ముఖం కూడా నాకు గుర్తులేదు. అన్న మాకు అన్న. ముక్కూమొహం తెలియని పాసింజరును నిద్ర లేపి చెప్పిన మనిషి, మమ్మల్ని ఎందుకు లేపలేదు? బస్సు ఆ దారిన పోదని తెలిసి తెలిసి, పాత బోర్డే ఉంచి, మమ్మల్నందర్నీ ఎందుకు ఎక్కించుకున్నాడు? ఆ మోకాళ్లతో ఏడాదంతా పరిగెత్తిన పిన్నికి, లేని మెట్టు ఆశ ఎందుకు చూపించాడు? కూలిన తలుపు నెంబరు నా గుండె మీద తన చేత్తో ఎలా గుచ్చాడు?

ముందే తెలిస్తే ఏం చేసేవాళ్లం అంటారా? గేటు దగ్గరకు పోయేవాళ్లం. గెలిచేవాళ్లమని నేను అనడం లేదు. ఓడిపోయేవాళ్లమే. ఓడిపోవడానికైనా మమ్మల్ని పిలవాల్సింది. మా ఇంట్లో చావుకు మమ్మల్ని పిలవలేదండి అన్న. నేనైతే ఆ కిటికీ రెక్క అడిగేవాణ్ణి. ఒక్క చెక్క రెక్క. అడితీలో రోజూ ఎంతో కలప చూస్తాను; ఆ రెక్క లాంటిది నాకు ఇక దొరకదు.

పోయాక తెలిస్తే అది కబురు కాదు, మోసం. ఈ మాట నాది కాదన్నా, నీదే.

మమ్మల్ని కలిపి ఉంచాలని చేశాడు, తెలుసు. ప్రేమతోనే చేశాడు, తెలుసు. ప్రేమతో చేశాడు కాబట్టే ఇంత నొప్పి. పరాయివాడు చేస్తే తిట్టి, తిని, పడుకునేవాణ్ణి. రోజు పద్దు రోజు మూసేసే అలవాటు నాది. ఇది మూతపడటం లేదు. ఇవాళ ఇక్కడ మూసేయడానికి వచ్చానని మీరనుకుంటే, కాదు. క్షమించానని చెప్పను. చెబితే ఆయన ఫొటో ముందు ఇంకో అబద్ధం పెట్టినట్టవుతుంది.

మరి ఎందుకొచ్చాను?

ఇందాక మీరంతా వచ్చి కూర్చుంటుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. మా వీధి వాళ్లకు ఎవరూ చోట్లు చూపించలేదు. మధ్య దారికి ఆ పక్క కొందరు, ఈ పక్క కొందరు కూర్చున్నారు. చూసుకోండి ఒకసారి, మీ పక్కన ఎవరున్నారో. పిన్ని పక్కన దర్జీ అక్క. దర్జీ అక్క ఎదురుగా కుళాయి ఇంటివాళ్లు. ఇళ్లు ఏ వరసలో ఉండేవో, ఆ వరసలోనే కూర్చున్నారు. ఇన్నేళ్లు ఆ వరసలోనే పరిగెత్తారు కాబట్టి, మీకు తెలియకుండానే కూర్చున్నారు. ఈ పక్క చివర ఒక చోటు ఖాళీగా వదిలేశారు. అది మేస్త్రీ బాబాయిది. గోడకు అవతల, సరిగ్గా దాని పక్కనే, ఆయన కూర్చుని ఉన్నాడు.

ఈ అలవాటు చేసినవాడూ అన్నే. మోసం చేసినవాడూ అన్నే. నేను ఏది కొట్టేసి ఏది ఉంచను?

ఆయన లోపలివాళ్లను మా కోసం అడిగింది ఒక్కటే. ఎవరి ఇంటి ముందు వాళ్లు కాసేపు నిలబడతారని అడిగాడు. వాళ్లు ఇవ్వలేదు. ఆయన చెప్పనూ లేదు. ఇన్నేళ్లలో మేం మా ఇంటి ముందు ఒక్కసారి కూడా నిలబడలేదు. ఆగిన పిన్నిని ట్రక్కు ఎక్కించారు.

ఇవాళ వెనక ఏ ట్రక్కూ రావడం లేదు.

డిపో అన్నదమ్ములారా, మీకు తెలిసిన మంచి కండక్టరు కోసం నిలబడండి. ఆయన అందుకు తగినవాడే. మా వీధి వాళ్లారా, అన్న కోసం నిలబడటం మీవల్ల కాకపోతే నేను ఏమీ అనను. మీ ఇంటి ముందు నిలబడండి. కళ్లు మూసుకోండి. చీమ నడక వద్దు. చేతులు ఊపకండి. కాళ్లు కదపకండి. పిన్నీ, నీ మోకాళ్లకు నొప్పయితే కూర్చునే ఉండు, మెట్టు మీద కూర్చున్నాననుకో, ఎవరూ లేపరు. బాబాయ్, వినపడుతోందా? లేచి ఆ గోడ మీద చేయి వేసి, పగులు పెరిగిందేమో చూసుకో. తొందరేం లేదు.

అన్నా, నువ్వు మాకు ఎన్నడూ వేయని కేక ఒకటుంది. నువ్వు వేయలేదు కాబట్టి నేను వేస్తున్నాను.

అందరూ లేవండి.

హోల్డాన్.